ఆన్‌లైన్‌లో కొన్న లెన్స్ ఫిల్టరు అసలుదా, నకిలీదా? ఇంట్లోనే తేల్చుకునే పద్ధతులు

మీ ప్రశ్న సారాంశం ఇది. విశాఖ ఎంవీపీ కాలనీలో ఉండే మీరు 70-200 మి.మీ. జూమ్ లెన్సు కోసం 77 మి.మీ. యూవీ (అతినీలలోహిత కిరణాలను ఆపే) ఫిల్టరును, నీటి మీది తళుకును తగ్గించే పోలరైజరును ఒక పెద్ద ఆన్‌లైన్ అంగడిలో కొన్నారు. రెండూ పేరున్న జపాన్ కంపెనీవని పెట్టె మీద ఉంది, కానీ ధర మామూలుగా ఉండేదానిలో సగం కూడా లేదు. హోలోగ్రామ్ స్టిక్కరు ఉంది, రేటింగు కూడా బాగానే ఉంది. అయినా బీచ్ రోడ్డులో రాత్రి తీసిన ఫొటోల్లో వీధిదీపాలకు ఎదురు మూలన మసకమసకగా దీపాల నకళ్లు కనిపిస్తున్నాయి. ఇవి నకిలీవేనా, అయితే ఎలా రుజువు చేయాలి, ఇకముందు కొనేటప్పుడు ఏం చూసుకోవాలి అని అడిగారు. తిరిగి పంపడానికి ఇంకా కొద్ది రోజుల గడువు ఉందన్నారు కాబట్టి, ముందు ఇంట్లో చేసుకోదగిన పరీక్షలు చెప్పి, ఆ తర్వాత కొనుగోలు సంగతికి వస్తాను.

పెట్టెను, హోలోగ్రామును, రింగు మీది అక్షరాలను చూసి తీర్పు చెప్పే ప్రయత్నం చేయవద్దని నా సలహా. అక్షరాల వంపు తేడాగా ఉందనీ, పెట్టె రంగు వెలిసినట్టుందనీ చాలామంది ఫొటోలు పక్కపక్కన పెట్టి పోలుస్తుంటారు. కంపెనీలు పెట్టెల రూపాన్ని, రింగు మీది రాతను కొన్నేళ్లకొకసారి మారుస్తూనే ఉంటాయి కనుక అసలు సరుకును నకిలీ అనుకునే ప్రమాదం ఇందులో ఉంది. ముద్రణ చౌక అయిపోయింది కనుక నకిలీని అసలు అనుకునే ప్రమాదం అంతకంటే ఎక్కువగా ఉంది. నకిలీదారు ఖర్చు తగ్గించుకునేది గాజులోనూ, దాని మీది కోటింగులోనూ. మల్టీ కోటింగు అంటే శూన్యంలో, అంటే గాలి తీసేసిన గదిలో, గాజుకు రెండు వైపులా అతి పలుచని పొరలను ఒకదాని మీద ఒకటి లెక్క ప్రకారం పట్టించడం. ఆ ఖర్చు పెట్టుకుంటే సగం ధరకు అమ్మడం వాళ్లకు గిట్టదు. అందుకే వెలుతురు ఆ గాజు మీద పడినప్పుడు ఏం జరుగుతుందో చూడాలి.

కోటింగు లేని మామూలు గాజు ఒక్కో ముఖం నుంచి సుమారు 4 శాతం వెలుతురును వెనక్కి కొడుతుంది. ఫిల్టరుకు రెండు ముఖాలు ఉంటాయి కనుక దాదాపు 8 శాతం పోయి, 92 శాతం మాత్రమే లెన్సులోకి వెళుతుంది. మంచి మల్టీ కోటింగు ఉన్నప్పుడు ఒక్కో ముఖం నుంచి వెనక్కి వచ్చేది అర శాతం దగ్గరకో, అంతకంటే తక్కువకో దిగిపోతుంది. శాతాల్లో ఇది చిన్న తేడాగా అనిపించినా కంటికి కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. రాత్రిపూట గదిలో ఒక్క ట్యూబులైటు మాత్రమే వేసి, బల్ల మీద నల్లటి గుడ్డ పరిచి, దాని మీద ఫిల్టరును పెట్టండి. ట్యూబులైటు ప్రతిబింబం ఫిల్టరులో కనబడేలా తల జరుపుకొని చూడండి. కోటింగు లేకపోతే లైటు తెల్లగా, ప్రకాశంగా, కిటికీ అద్దంలో కనిపించినట్టే కనిపిస్తుంది. మల్టీ కోటింగు ఉంటే ప్రతిబింబం బాగా మసకబారి, ఆకుపచ్చగానో ఊదాగానో వంగపండు రంగులోనో ఉంటుంది. కొంచెం జాగ్రత్తగా చూస్తే ఒకటి కాక రెండు ప్రతిబింబాలు, కొద్దిగా పక్కకు జరిగి, కనిపిస్తాయి. ఒకటి పై ముఖానిది, రెండోది కింది ముఖానిది. ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కొన్ని నకిలీల్లో పై ముఖానికి మాత్రమే ఏదో ఒక రంగు పొర పూసి ఉంటుంది. అప్పుడు రెండింటిలో ఒకటి రంగుగా మసకగా, మరొకటి తెల్లగా ప్రకాశంగా ఉంటుంది. పెట్టె మీద మల్టీ కోటెడ్ అని ఉండి ఒక్క ప్రతిబింబం తెల్లగా మెరిసినా ఆ సరుకును నమ్మడానికి లేదు. పోల్చి చూసుకోవడానికి మీ లెన్సు ముందరి గాజునే పక్కన పెట్టుకోండి, దాని కోటింగు ఎలా మసకబారుతుందో కంటికి అలవాటవుతుంది.

మీ ఫొటోల్లో కనిపిస్తున్న నకళ్లు కూడా ఇదే కారణం వల్ల వస్తున్నవే. వీధిదీపం వెలుగు సెన్సారు మీద పడి, అందులో కొంత వెనక్కి లెన్సు గుండా బయటకు వచ్చి, ఫిల్టరు గాజు లోపలి ముఖానికి తగిలి, మళ్లీ లోపలికి పోయి రెండో బొమ్మ వేస్తుంది. ఆ బొమ్మ ఫొటో మధ్యబిందువుకు సరిగ్గా ఎదురుగా, తలకిందులుగా పడుతుంది. దీపం ఎడమ పై మూలన ఉంటే నకలు కుడి కింది మూలన ఉంటుంది. నిర్ధారించుకోవడానికి కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, అదే దృశ్యాన్ని అదే ఎక్స్‌పోజరుతో ఒకసారి ఫిల్టరుతో, ఒకసారి ఫిల్టరు తీసేసి తీయండి. ఫిల్టరు తీయగానే నకలు మాయమైతే దోషం ఫిల్టరుదే. అయితే ఎంత మంచి ఫిల్టరుతోనైనా, నల్లటి ఆకాశంలో బలమైన దీపం ఉన్నప్పుడు పలుచటి నకలు పడే అవకాశం ఉంది. నకలు పడిందన్న ఒక్క కారణంతో నకిలీ అని తేల్చకండి. ట్యూబులైటు పరీక్షలో ఏం వచ్చిందో దానితో కలిపి చూడండి.

యూవీ పరీక్ష గురించి చాలా వీడియోలు తిరుగుతున్నాయి, వాటిలో సగం తప్పుదారి పట్టిస్తున్నాయి. పద్ధతి సరైనదే. మన కరెన్సీ నోటు మీది నంబర్లు అతినీలలోహిత కాంతిలో మెరిసే సిరాతో ముద్రిస్తారు. చీకటి గదిలో యూవీ టార్చిని నోటు నంబరు మీద వేసి, మధ్యలో ఫిల్టరును అడ్డం పెడితే, యూవీని ఆపే గాజైతే ఆ మెరుపు బాగా తగ్గిపోవాలి. మామూలు గాజైతే దాదాపు అలాగే ఉండాలి. చిక్కంతా టార్చితో వస్తుంది. నోట్లు చూసుకోవడానికని చౌకగా దొరికే టార్చీలు చాలావరకు 395 నానోమీటర్ల దగ్గర వెలిగేవి. యూవీ ఫిల్టర్లు ఆపడం మొదలుపెట్టే హద్దు కూడా ఇంచుమించు అక్కడే ఉంటుంది, పైగా ఆ టార్చి కంటికి కనిపించే ఊదా వెలుగును కూడా చిమ్ముతుంది. అందువల్ల అసలైన ఫిల్టరు కూడా ఆ పరీక్షలో తప్పినట్టు కనబడుతుంది. పరీక్షకు 365 నానోమీటర్ల టార్చి కావాలి, దాని వెలుగు కళ్లలో పడకుండా చూసుకోవాలి. ఆ టార్చితో చేసినా మరో రెండు సంగతులు గుర్తుంచుకోండి. పేరున్న కంపెనీల యూవీ ఫిల్టర్లన్నీ ఒకే మోతాదులో యూవీని ఆపవు. ప్రొటెక్టర్, క్లియర్ అన్న పేర్లతో అమ్మేవి, నికాన్ వారి న్యూట్రల్ కలర్ ఫిల్టరు లాంటివి, యూవీని ఆపడానికి చేసినవే కావు. వాటి గుండా మెరుపు కనబడితే అది లోపం కాదు. మీ ఫిల్టరు మీద యూవీ అని రాసి ఉండి, నోటు నంబరు ఏమాత్రం మసకబారకుండా మెరిస్తే మాత్రం అది అనుమానాన్ని గట్టిగా బలపరుస్తుంది.

నిజానికి డిజిటల్ కెమెరా సెన్సారు ముందు యూవీని ఆపే గాజు తయారీలోనే బిగించి ఉంటుంది. ఫొటో నాణ్యత కోసం యూవీ ఫిల్టరు అవసరం ఇప్పుడు లేదు. మన ఊళ్లో దాన్ని వాడేది ఉప్పు తుంపర నుంచి, ఇసుక నుంచి ముందరి గాజును కాపాడుకోవడానికి. రుషికొండలోనూ, యారాడలోనూ గాలి వీచే సాయంత్రం కాసేపు నిలబడితే ముందరి గాజు మీద జిడ్డుగా సన్నటి పొర పేరుకుంటుంది. ఆ పనికి ప్రొటెక్టర్ సరిపోతుంది.

ఇక పోలరైజరు. నకిలీ సర్క్యులర్ పోలరైజర్లు రెండు రకాలుగా కనిపిస్తాయి. కొన్నింటిలో అసలు పోలరైజింగ్ పొరే ఉండదు, ఉత్త బూడిదరంగు గాజు ఉంటుంది. కొన్నింటిలో పొర ఉంటుంది గానీ అది లీనియర్ రకం. పైన మాత్రం సీపీఎల్, అంటే సర్క్యులర్ పోలరైజరు, అని రాసి ఉంటుంది. మొదటి రకాన్ని పట్టుకోవడం సులువు. ల్యాప్‌టాప్ ఎల్‌సీడీ తెర మీద తెల్లటి పేజీ తెరిచి, ఫిల్టరు ముందు భాగం, అంటే లెన్సుకు బిగించినప్పుడు దృశ్యం వైపు ఉండే ముఖం, తెర వైపు ఉండేలా పట్టుకొని నెమ్మదిగా తిప్పండి. ఒక కోణంలో తెర దాదాపు నల్లగా అయిపోవాలి. ఏ కోణంలోనూ నల్లబడకపోతే అది పోలరైజరు కాదు. నల్లబడినా ఆ నలుపు ఎలాంటిదో చూడండి. మంచి పోలరైజరులో అది చిక్కటి నలుపు, చవకబారు పొరలో ముదురు నీలమో ఊదానో తొంగిచూస్తుంది. ఈ పరీక్షకు మొబైల్ వాడవద్దు, చాలా ఫోన్లకు ఉండే ఓలెడ్ తెరల మీద వేర్వేరు రకాల పొరలు ఉంటాయి, ఫలితం తికమకగా వస్తుంది.

రెండో రకాన్ని పట్టుకోవడానికి ఇంట్లో అద్దం చాలు. సర్క్యులర్ పోలరైజరులో ముందు లీనియర్ పొర, దాని వెనుక, కెమెరా వైపు, పావుతరంగ పలక అనే రెండో పొర ఉంటాయి. మరలు ఉన్న వైపు, అంటే లెన్సుకు బిగించే వైపు, అద్దానికి ఎదురుగా పెట్టి, ఫిల్టరు గుండా అద్దంలోని ఫిల్టరు ప్రతిబింబాన్నే చూడండి. అసలైన సర్క్యులర్ పోలరైజరైతే అద్దంలోని ఫిల్టరు నల్లగా కనిపిస్తుంది. ఇప్పుడు ఫిల్టరును తిరగేసి, ముందు ముఖాన్ని అద్దం వైపు పెట్టి చూస్తే నలుపు పోయి, మామూలుగా కనిపిస్తుంది. లీనియర్ రకమైతే రెండు వైపుల నుంచీ ఒకేలా ఉంటుంది, నల్లబడదు. ఈ తేడా ఎందుకు పట్టించుకోవాలంటే, డీఎస్ఎల్ఆర్ కెమెరాల్లో ఆటోఫోకసుకు, వెలుతురు కొలవడానికి సగం పారదర్శకమైన అద్దాన్ని వాడతారు, లీనియర్ పోలరైజరు ఆ రెండింటినీ తప్పుదారి పట్టించగలదు. మిర్రర్‌లెస్ కెమెరా ఉన్నవారికి ఈ ఇబ్బంది చాలావరకు ఉండదు, కానీ సీపీఎల్ అని డబ్బు తీసుకొని లీనియర్ ఇవ్వడం మోసమే.

పోలరైజరు రంగు మార్చకూడదన్నది మరో ముఖ్యమైన లక్షణం. వైట్ బ్యాలెన్సును (కెమెరా రంగుల సర్దుబాటును) ఎండకు స్థిరంగా పెట్టి, తెల్లటి సున్నం గోడను ఫిల్టరుతో, ఫిల్టరు లేకుండా తీసి కంప్యూటరులో పక్కపక్కన పెట్టండి. కొద్దిగా పసుపు వైపు మొగ్గడం కొన్ని అసలు పోలరైజర్లలోనూ ఉంటుంది. ఆకుపచ్చకో ఊదాకో స్పష్టంగా తిరిగితే అది పనికిమాలిన పొర. సముద్రం మీది తళుకు తగ్గుతోందో లేదో బీచ్‌కు వెళ్లి చూడాలనుకుంటే ఉదయమో సాయంత్రమో వెళ్లి, సూర్యుడికి ఎదురుగా కాకుండా, నీటిని ఏటవాలుగా చూస్తూ తిప్పండి. నీటి మీది తళుకు నిలువు గీతకు సుమారు 53 డిగ్రీల కోణంలో చూసినప్పుడు పూర్తిగా పోలరైజ్ అయి ఉంటుంది, అక్కడే ఫిల్టరు పనితనం బాగా తెలుస్తుంది. నిట్టనిలువుగా కిందికి చూస్తూ తిప్పి ఫిల్టరు పనిచేయడం లేదని ఫిర్యాదు చేసేవాళ్లను చూశాను, ఆ కోణంలో ఏ పోలరైజరూ ఏమీ చేయలేదు.

70-200 వంటి లెన్సు ఉన్నవారు తప్పకుండా చేయవలసిన పరీక్ష ఇంకొకటి ఉంది, కోటింగు కంటే కూడా దీనికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. ఫిల్టరు గాజు రెండు ముఖాలూ చదునుగా, ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి. అలా అరగదీయడం ఖర్చుతో కూడిన పని, నకిలీల్లో ఎగ్గొట్టేది ఇదే. 18 మి.మీ. దగ్గర తీసే ఫొటోల్లో ఆ లోపం తెలియదు. 200 మి.మీ. దగ్గర, ఎఫ్ 2.8 అపెర్చరులో, గాజులో పెద్ద భాగం గుండా వెలుతురు వస్తుంది, దూరపు దృశ్యం పెద్దదవుతుంది, కనుక గాజులోని చిన్న అలలు కూడా ఫొటోలో మసకగా తేలతాయి. ఒక తెలుగు దినపత్రిక పేజీని మడత లేకుండా గోడకు అంటించి, నాలుగైదు మీటర్ల దూరంలో ట్రైపాడ్ పెట్టండి. మన అక్షరాల్లోని గుడులు, వత్తులు, సున్నాల లోపలి ఖాళీలు పరీక్షకు అచ్చంగా సరిపోతాయి. స్టెబిలైజేషన్‌ను (చేతి వణుకును సరిచేసే ఏర్పాటును) ఆపేసి, రెండు సెకన్ల టైమరు పెట్టి, తెర మీద పెద్దది చేసి ఫోకస్ చేయండి. ఫిల్టరు లేకుండా కొన్ని, ఫిల్టరుతో కొన్ని తీయండి, ప్రతి ఫొటోకూ ఫోకస్ మళ్లీ చేయండి, లేకపోతే ఫోకస్ పొరపాటును ఫిల్టరు మీదకు నెట్టే ప్రమాదం ఉంది. వందశాతం సైజులో చూస్తే, మంచి ఫిల్టరుతో తీసినదానికీ ఫిల్టరు లేనిదానికీ తేడా కనిపెట్టలేరు. చెడ్డ ఫిల్టరుతో ‘క్ష’ వత్తు పక్కన జంట గీత పడుతుంది, చిన్న అక్షరాల లోపలి ఖాళీలు పూడుకుపోతాయి, ఒక్కోసారి ఆటోఫోకస్ ముందుకూ వెనక్కూ ఊగుతుంది.

ఇదే పరీక్షను ఆర్కే బీచ్ నుంచి డాల్ఫిన్స్ నోస్ లైట్‌హౌసు మీద చేస్తామనేవారు తెల్లవారుజామునే చేయాలి. ఎండెక్కాక నీటి మీద వేడి గాలి ఆడటం మొదలవుతుంది, ఫిల్టరు ఉన్నా లేకున్నా గోడ అంచులు వణుకుతాయి, ఆ ఫొటోలతో ఏదీ రుజువు కాదు. నేవీ డే విన్యాసాలు మన తీరంలో జరిగే సంవత్సరాల్లో దూరపు నౌకలను, హెలికాప్టర్లను తీయడానికి వచ్చేవారు చాలామంది ఫొటోలు మెత్తగా వచ్చాయని లెన్సును తప్పుపడుతుంటారు. తుంపర లేనప్పుడు ఫిల్టరు తీసేసి తీయమనే వాళ్లకు చెబుతాను.

ఫిల్టరును లెన్సుకు బిగించే ముందు ఒక జాగ్రత్త తప్పనిసరి. నకిలీ ఫిల్టరు వల్ల వచ్చే నష్టాల్లో అన్నిటికంటే ఖరీదైనది లెన్సు మరలు పాడవడం. ఫిల్టరు రింగు మరల మీద వేలి గోరును నెమ్మదిగా తిప్పి చూడండి, పొలుసు లేచినట్టో గరుకుగానో ఉంటే బిగించవద్దు. బాగున్నా కూడా లెన్సు మీద పెట్టి ముందు ఎడమకు, అంటే విప్పే దిక్కుకు, తిప్పండి. మర మొదలు దగ్గర చిన్నగా దిగినట్టు తెలుస్తుంది. అప్పుడు కుడికి తిప్పితే వేలి బలం లేకుండానే పోవాలి. పట్టుకుంటే బలవంతం చేయవద్దు. సముద్రపు గాలి తగిలే మన ఊళ్లో పలుచటి చవక అల్యూమినియం రింగులు లెన్సు మరల్లో కరుచుకుపోవడం తరచుగా చూస్తుంటాను. జర్మనీకి చెందిన బి ప్లస్ డబ్ల్యూ వంటి కంపెనీలు చాలా ఫిల్టర్లకు ఇత్తడి రింగులు వాడేది ఈ కరుచుకుపోవడాన్ని తగ్గించడానికే. ఇత్తడి అని చెప్పి అమ్మిన రింగు చేతిలో తేలిగ్గా అనిపించినా, అయస్కాంతానికి అతుక్కున్నా అనుమానించాల్సిందే; ఇత్తడికి గానీ అల్యూమినియానికి గానీ అయస్కాంతం పట్టదు. చెవి దగ్గర పెట్టి ఊపినప్పుడు గాజు కదిలిన చప్పుడు వస్తే, గాజును పట్టి ఉంచే లోపలి రింగు సరిగా లేదన్నమాట. పోలరైజరులో ముందు రింగు తిరగడానికే ఉంది కనుక దానికి కొద్ది వదులు సహజం.

ఎన్‌డీ ఫిల్టర్ల, అంటే రంగు మార్చకుండా వెలుతురును తగ్గించే ఫిల్టర్ల, గురించి మీరు అడగలేదు, అయినా జలపాతాలకోసం అరకు వైపు వెళ్లేవారు కొంటుంటారు కనుక ఒక్క మాట. ఎన్‌డీ 64 అంటే ఆరు స్టాపులు; ఒక్కో స్టాపుకు వెలుతురు సగానికి తగ్గుతుంది. ఫిల్టరు లేకుండా సెకనులో అరవయ్యో వంతు సరిపోయిన చోట, ఫిల్టరుతో సుమారు ఒక సెకను కావాలి. ఎన్‌డీ 1000 అయితే పది స్టాపులు, సుమారు పదహారు పదిహేడు సెకన్లు. లెక్క ప్రకారం తీసి హిస్టోగ్రాములు, అంటే ఫొటోలో వెలుతురు ఎలా పరుచుకుందో కెమెరా చూపే గ్రాఫులు, పోల్చండి. మూడో వంతు స్టాపు అటూ ఇటూ కావచ్చు, ఒకటి రెండు స్టాపుల తేడా వస్తే రాసింది అబద్ధం. తిప్పే రకం ఎన్‌డీలో చివరి అంచుకు తిప్పినప్పుడు అడ్డంగా ఎక్స్ ఆకారపు నీడ పడటం ఆ నిర్మాణంలోనే ఉన్న పరిమితి, అది నకిలీకి గుర్తు కాదు.

ఇక కొనేటప్పుడు చూసుకోవలసినవి. ధర తక్కువైతే అనుమానించాలని అందరూ చెబుతారు, అది నిజమే గానీ సరిపోదు, ఎందుకంటే తెలివైన నకిలీదారు కేవలం పదిహేను ఇరవై శాతమే తగ్గించి పెడతాడు. అంతకంటే నమ్మదగ్గ గుర్తు సైజులను బట్టి ధర ఎలా మారుతోందన్నది. చదునైన గాజును పెద్ద సైజులో చేయడం ఖరీదు కనుక అసలు కంపెనీల ఫిల్టర్లలో 52 మి.మీ. ధరకూ 82 మి.మీ. ధరకూ మధ్య పెద్ద తేడా ఉంటుంది. ఒకే పేజీలో 49 నుంచి 82 వరకు అన్ని సైజులూ ఒకే ధరకో, పది ఇరవై రూపాయల తేడాతోనో ఉంటే అది ఆ కంపెనీ సరుకు అని నేను నమ్మను. రెండోది మోడలు పేరు. కంపెనీ సొంత వెబ్‌సైటులో ఉన్న మోడళ్ల జాబితా తెరిచి, అమ్మకం పేజీలోని పేరు అక్షరం తేడా లేకుండా అందులో ఉందో లేదో చూడండి. రెండు మూడు మోడళ్ల పేర్లను కలిపి ఒకటిగా కుట్టినట్టున్న శీర్షికలు నకిలీ పేజీల్లో మామూలు. కెనాన్, నికాన్ అని పెద్ద అక్షరాలతో ఉండి రెండు మూడు వందలకు దొరికే యూవీ ఫిల్టర్లను మాత్రం చూడనే చూడకండి.

మూడోది అమ్మకందారు ఎవరన్నది, అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. పెద్ద సైటులో కొన్నాం కనుక ఆ సైటే అమ్మిందని చాలామంది అనుకుంటారు. మన దేశ నిబంధనల ప్రకారం విదేశీ పెట్టుబడి ఉన్న ఆన్‌లైన్ అంగళ్లు తమ సొంత సరుకును నిల్వ ఉంచుకొని వినియోగదారులకు అమ్మడానికి వీల్లేదు, అవి వేదిక మాత్రమే. గోదాము వాళ్లదైనా, డెలివరీ వాళ్లదైనా, అమ్మేది వేరొకరు. పైగా ఒకే పేజీ కింద అనేకమంది అమ్మకందార్లు ఉంటారు, సమీక్షలు మాత్రం అందరికీ కలిపి ఒకేచోట పోగవుతాయి. వేరే సైజును వేరే అమ్మకందారు దగ్గర కొన్నవారు ఇచ్చిన నక్షత్రాలు మీరు కొనబోయే ఫిల్టరు గురించి ఏమీ చెప్పవు. నక్షత్రాలు పక్కన పెట్టి, కొన్నవారు పెట్టిన ఫొటోలను, తక్కువ రేటింగు ఇచ్చినవారు రాసిన కారణాలను చదవండి. అమ్మకందారు పేరు మీద నొక్కితే చట్టబద్ధమైన పేరు, చిరునామా కనిపించాలి. బిల్లు వచ్చాక దాని మీది జీఎస్టీ నంబరును జీఎస్టీ పోర్టల్‌లో వెతకండి, లాగిన్ అక్కర్లేదు. పదిహేను అంకెలు, అక్షరాల ఆ నంబరులో మొదటి రెండూ రాష్ట్రాన్ని చెబుతాయి, మన ఆంధ్రప్రదేశ్‌కు 37. చిరునామాలో ఉన్న రాష్ట్రం ఒకటి, నంబరు చెప్పే రాష్ట్రం ఇంకొకటి అయినా, రిజిస్ట్రేషన్ రద్దయినట్టు చూపినా జాగ్రత్తపడండి.

దిగుమతి అయిన ఫిల్టరు పెట్టె మీద దిగుమతిదారు పేరు, చిరునామా, తయారైన దేశం, తయారీ నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, ఫిర్యాదుల ఫోను నంబరు ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల ప్యాకేజీ నిబంధనలు చెబుతున్నాయి. ఆ స్టిక్కరు ఉంటే అందులోని దిగుమతిదారు పేరును కంపెనీ వెబ్‌సైటులో మన దేశానికి ఇచ్చిన పంపిణీదారు పేరుతో పోల్చండి. స్టిక్కరు లేనంత మాత్రాన ఫిల్టరు నకిలీది కాదు, పంపిణీదారు ద్వారా కాకుండా వేరే దారిలో వచ్చిన అసలు సరుకు కూడా కావచ్చు. అయితే దానికి ఇక్కడ వారంటీ దొరకడం కష్టం. ఈ తంటాలన్నీ వద్దనుకుంటే, జగదాంబ, డాబాగార్డెన్స్ వైపు కెమెరా సామాను అమ్మే దుకాణానికి లెన్సు తీసుకువెళ్లి, కౌంటరు మీది ట్యూబులైటు కిందే ప్రతిబింబం చూసుకొని, బిల్లుతో కొనడం నా దృష్టిలో మేలు. ధర కొంచెం ఎక్కువ కావచ్చు, కానీ చేతిలో పెట్టి చూసుకునే వీలు ఉంది, రేపు అడగడానికి మనిషి ఉంటాడు.

మీ విషయానికి వస్తే, ట్యూబులైటు, అద్దం, దినపత్రిక పరీక్షలు మూడూ ఈ రెండు మూడు రోజుల్లోనే చేసి, ప్రతిదాన్నీ వీడియోగానో ఫొటోగానో దాచుకోండి. పరీక్షలో తప్పితే తిరిగి పంపే కారణంగా ‘నచ్చలేదు’ అని కాక, ‘నకిలీ సరుకు, పేజీలో చెప్పిన లక్షణాలు లేవు’ అని రాయండి. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం నకిలీ సరుకును గానీ, ప్రకటించిన లక్షణాలు లేని సరుకును గానీ వెనక్కి తీసుకోవడానికి, డబ్బు తిరిగి ఇవ్వడానికి అమ్మకందారు నిరాకరించకూడదు. గడువు దాటిపోయిందన్న సమాధానం వస్తే సైటులో పేరు ఇచ్చిన ఫిర్యాదుల అధికారికి రాయండి. ఆ అధికారి 48 గంటల్లో అందినట్టు తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. అక్కడా పని జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. చివరి మార్గం జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే చోటే, అంటే విశాఖలోనే, ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల వరకు ఉంటే రుసుము లేదు, రెండేళ్లలోపు వేయాలి. తిరిగి పంపేటప్పుడు పెట్టె, స్టిక్కరు, లోపలి డబ్బా అన్నీ ఉన్నవి ఉన్నట్టే పెట్టి, రింగు మీది రాత స్పష్టంగా కనబడేలా ఫొటో తీసి, ప్యాక్ చేయడాన్ని మొదటి నుంచి చివరి వరకు ఒకే వీడియోగా తీయండి, పార్శిల్ తీసుకెళ్లడానికి వచ్చినవారు ఇచ్చే రసీదును డబ్బు ఖాతాలో పడేదాకా జాగ్రత్త చేయండి.